కడలి దాటిన వరుసలు: ఐర్లండు వలసజనుల సంగీతసంపుటములపై ఒక విమర్శ

జన్మభూమిని విడిచి పరప్రాంతమున స్థిరపడిన జనులు తమవెంట నేమి కొనిపోవుదురు? పెట్టెలో బెట్టుకొన్న వస్తువులు కొలదికాలముననే చిరిగి, విరిగి, రూపుమాయును. నాలుకమీది భాష రెండు మూడు తరములలో సడలును. చెవిలో నిలిచిన పాటవరుసయు, కాలికి బట్టువడిన అడుగును, పండుగనాటి యాచారమును మాత్రము అంతకంటె చిరకాలము మనుచుండును. లోకమున పెక్కుజాతుల చరిత్రలో నిది కానవచ్చు సంగతియే. అయితే అట్లు నిలిచినది మొదట నున్నట్లే యుండునా, లేక నిలుచుటకై రూపు మార్చుకొనునా? మారినచో దానిని సంప్రదాయ మనవచ్చునా? స్వదేశమున నున్నవారును, పరదేశమున నున్నవారును, ఒకే సంప్రదాయమును గూర్చి భిన్నముగా బలికినపుడు ఎవరిమాట ప్రమాణము?

పరప్రాంతమున తరతరములుగా నివసించుచున్న మనకు ఈ ప్రశ్నలు పుస్తకములలోని ప్రశ్నలు కావు. అయినను మన సంగతిని మనమే విచారించుకొనునపుడు అభిమానము అడ్డువచ్చును. దూరముననున్న వేరొకజాతి యనుభవమును బరిశీలించినచో కొంత నిష్పక్షపాతముగ నాలోచింపవచ్చును. అందులకై ఐర్లండు దేశీయులు అమెరికాకు గొనిపోయిన సంగీతమును, దానిని వారు భద్రపరచిన రెండు సాధనములను – చికాగో నగరమున ఫ్రాన్సిస్ ఓనీల్ ప్రకటించిన స్వరసంపుటములను, న్యూయార్కు నగరమున మైకేల్ కోల్మన్ వాయించిన గ్రామఫోను రికార్డులను – విమర్శింప బూనితిమి.

ముందుగా వారి వలసను గూర్చి రెండు మాటలు. 1841 నాటి జనాభా లెక్కలలో ఐర్లండు జనులు సుమారు 82 లక్షలు. పేదరైతునకు బంగాళాదుంపయే అన్నము. 1845లో ఆ పైరునకు తెగులు సోకెను. 1852 వరకు సాగిన క్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు ఓడలెక్కి దేశము విడిచిరి. 1851 నాటి లెక్కలకు జనసంఖ్య 65 లక్షలకు దిగిపోయెను. క్షామము ముగిసినను వలస ముగియలేదు. ప్రతి పల్లెనుండియు ఏటేట యువతీయువకులు పోవుచునేయుండిరి. ఓడ యెక్కుటకు ముందునాటి రాత్రి ఇంటిలో బంధుమిత్రులు కూడి తెల్లవారువరకు ఆడుచు పాడుచు మేల్కొనియుండుట ఆచారమయ్యెను. మృతునియొద్ద చేయు జాగరణమునకు వారు ‘వేక్’ అందురు. ఈ వీడ్కోలు జాగరణమునకును ‘అమెరికన్ వేక్’ అనియే పేరిడిరి. పోయిన బిడ్డ తిరిగి రాడని తలిదండ్రు లెరుగుదురు. కనుక ఆ పేరులో అతిశయోక్తి యేమియు లేదు. ఆ రాత్రి విన్న వరుసయే పెక్కుమందికి స్వదేశమునుండి దక్కిన కడపటి సొత్తు.

వలసపోయినవారిలో, ముఖ్యముగ పడమటి జిల్లాలవారిలో, ఐరిషు భాష మాటలాడువారు పెక్కురుండిరి. కాని వారి సంతానము నోట ఆ భాష నిలువలేదు. పొట్టకూటికి ఆంగ్లము కావలసెను. ఐరిషు మాటలాడుట పేదరికమునకు గురుతుగా దోచెను. స్వదేశముననే ఆ భాష క్షీణించుచుండగా పరదేశమున నిలుచుట దుర్ఘటము. సంగీతమునకు ఆ చిక్కు లేదు. జిగ్ అనునది మన తిస్రగతిని బోలిన నడకగల నాట్యవరుస; రీల్ అనునది చతురస్రపు నడక. వానికి సాహిత్యముతో బనిలేదు. ఫిడేలు, ఫ్లూటు, మోచేతిక్రింద తిత్తిని నొక్కి వాయించు పైపు – వీనిలో నేదియైన నొకటి యున్న జాలును. భాష పోయినచోట సంగీతమే జాతికి గురుతై నిలిచెను. దీనిని గొప్పగా జెప్పుకొనువారు కలరు. ఇందు నష్టముకూడ గలదని మరువరాదు. సాహిత్యముగల పాటలు వరుసలకంటె ముందే మరుగుపడెను. అర్థము దెలియనిచో పాట నిలువదు కదా.

ఫ్రాన్సిస్ ఓనీల్ 1848లో కార్క్ జిల్లా యందలి బాంట్రీ చెంత ట్రాలిబేన్ అను పల్లెలో జన్మించెను. తల్లి పాడిన పాటలు వినుచు, ఇరుగుపొరుగువారి వాద్యములు వినుచు బెరిగెను, ఫ్లూటు నేర్చెను. 1865లో నిల్లు విడిచి నావికుడయ్యెను. పసిఫిక్ సముద్రమున నాతడున్న ఓడ పగిలి, బేకర్ అను ద్వీపమున జిక్కుకొనెను. పిదప రక్షించిన ఓడలో ఆహారము కొరవడగా, ఆ ద్వీపప్రాంతపు నావికుడొకడు ఓనీల్ ఫ్లూటు వాయించుట విని మెచ్చి, తన కూటిలో పాలిచ్చెనట. ఈ వృత్తాంతమును ఓనీలే తన గ్రంథమున వ్రాసికొనెను. 1873లో చికాగో పోలీసు కొలువున జేరి, 1901 నుండి 1905 వరకు ఆ నగర పోలీసు శాఖకు అధిపతిగా నుండెను. ఇట్టి యుద్యోగి ఐరిషు సంగీతమున కంతటికిని గొప్ప సంగ్రాహకు డగుట విచిత్రముగ దోచును. కాని కారణము స్పష్టము. చికాగోలో ఐర్లండు ముప్పదిరెండు జిల్లాలవారును ఒకే నగరమున నుండిరి. స్వదేశమున కార్క్‌వాని వరుస డౌన్‌వాడు వినుట యరుదు. చికాగోలో వారిరువురును పక్కవీథులవారు. ఒకే ఠాణాలో సిపాయిలుగ నుండుటయు గలదు. స్వదేశమునకూడ దొరకని సమాగమము పరదేశమున సంభవించెను. ఓనీల్ గ్రంథములకు ఇదియే పునాది.

ఓనీలునకు వందలకొలది వరుసలు కంఠస్థముగ నుండెను. కాని వానిని స్వరలిపిలో వ్రాయుట చేతగాదు. డౌన్ జిల్లానుండి వచ్చిన ఫిడేలు విద్వాంసుడు జేమ్స్ ఓనీల్ ఆ పని చేసెను. ఇరువురి యింటిపేరు నొకటియేగాని బంధుత్వము లేదు. పెద్ద ఓనీల్ ఎక్కడనో ఒక వరుస విని, దారిపొడుగునను మననము చేసికొని వచ్చి పాడును. లేక ఫ్లూటుపై వాయించును. చిన్న ఓనీల్ వ్రాసికొని తిరిగి ఫిడేలుపై వాయించి సరిచూచును. తమ వరుసలను పరుల కిచ్చుటకు ఇష్టపడని విద్వాంసులును ఉండిరట. ఇట్టి లోభము మన గాయకకుటుంబములలోను విననిది కాదు. ఈ శ్రమఫలముగ 1903లో ‘ది మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్’ అను సంపుటము 1850 వరుసలతో వెలువడెను. ఇందు పాటవరుసలు 625, 1738లో మరణించిన అంధవైణికుడు కారొలన్ రచనలు 75, జంట జిగ్గులు 415, రీళ్లు 380, హార్న్‌పైపులు 225, తక్కినవి వేర్వేరు జాతులవి. అంతకుముందు ఐరిషు సంగీతమునకు ఇంతటి సంపుటము వెలువడియుండలేదు.

దీని విలువ దెలియవలెనన్న పూర్వసంగ్రాహకులతో బోల్చి చూడవలెను. 1792లో బెల్‌ఫాస్టు నగరమున జరిగిన వైణికసభలో వృద్ధులైన హార్ప్ విద్వాంసులు వాయించినదానిని వ్రాసికొనుటకు ఎడ్వర్డ్ బంటింగ్ అను యువకుడు నియుక్తుడయ్యెను. ఆతని పూనిక లేనిచో ఆ సంగీతము నశించియుండెడిదే. కాని ప్రకటించునపుడు దానిని పియానోకు తగినట్లు మార్చెను. థామస్ మూర్ 1808 నుండి 1834 వరకు పాతవరుసలకు ఆంగ్లగీతములు వ్రాసి, సంపన్నుల మందిరములలోనికి వానిని ప్రవేశపెట్టెను. 1855లో సంపుటము ప్రకటించిన జార్జి పెట్రీ పండితుడు. వీరెల్లరును గౌరవార్హులే, అయినను వాయించువారి ప్రక్కన నిలిచి వ్రాసికొన్నవారేగాని ఆ సంగీతముతో దినదినము జీవించినవారు కారు. ఓనీల్ అట్టివాడు కాడు. ఆతడు రైతుబిడ్డ; వాద్యగాండ్రలో నొకడు; నాట్యమునకు వాయించినవాడు. అందుచే పండితులు చులకనగా జూచిన నాట్యవరుసలకు ఆతని గ్రంథమున ముఖ్యస్థానము లభించెను. వినువారికొరకుగాక వాయించువారికొరకు వెలువడిన మహాసంపుట మిది. ఇదియే దాని ప్రధానగుణమని మా యభిప్రాయము.

ఇక దోషములు. వెలువడినప్పుడే విమర్శకులు వీనిని జూపిరి. స్కాట్లండు వరుసలు కొన్ని ఐరిషువిగా జేరెను. ఒకే వరుస కొలది భేదముతో, రెండు మూడు పేర్లతో, రెండు మూడుచోట్ల గానవచ్చును. పూర్వముద్రిత గ్రంథములనుండి గైకొన్నవియు, నోటినుండి విన్నవియు కలసిపోయెను; ఏది యెవనియొద్ద గ్రహించినదో ప్రతిచోట జెప్పలేదు. వీనిలో మొదటిదానిని మేము గొప్ప దోషముగ నెంచము. వరుసలకు సరిహద్దులు లేవు. స్కాట్లండు రీలును నూరేండ్లు ఐర్లండులో వాయించినచో అది ఐరిషు రీలు గాకపోదు. కాని మూలము జెప్పకుండుట నిజముగ లోపమే. ఎవని బాణి, ఏ పల్లె పాఠము అనునది దెలియనిచో పాఠాంతరముల విలువ నశించును. ఇంతకంటె గొప్ప లోపము వేరొకటి గలదు. ఐరిషు వాద్యమున ప్రాణము అలంకారములలో నున్నది – స్వరమును తాకి విడుచుట, విరుచుట, త్రిప్పుట. ఓనీల్ గ్రంథమున వరుస యొక్క యెముకల గూడు మాత్రమే కలదు. ఎరిగినవానికి అది జ్ఞాపికగ జాలును. ఎరుగనివానికి అది చాలదు.

ఇచట మన గ్రంథ మొకదానిని స్మరింపకుండ జాలము. ఓనీల్ సంపుటము వెలువడిన మరుసటి యేడు, 1904లో, తమిళదేశమందలి ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగుభాషలో, తెలుగులిపిలో ముద్రింపబడెను. దీక్షితులవారు గమకముల కన్నిటికి వేర్వేరు చిహ్నములు గల్పించి, ప్రతి స్వరమును ఎట్లు పలికింపవలెనో సూచించిరి. వాగ్గేయకారుల చరిత్రములును జేర్చిరి. ఓనీల్‌కూడ 1913లో ఐరిషు విద్వాంసుల చరిత్రములను ప్రత్యేకగ్రంథముగ బ్రకటించెను. ఇరువురును సంప్రదాయము నశించునేమో యను భయముచేతనే గ్రంథరచనకు బూనిరి. కాని దీక్షితులవారు వంశపారంపర్యముగ వచ్చిన పాఠమును పట్టుబట్టి నిలిపిరి. ఓనీల్ నలుదిక్కులనుండి వచ్చినదానిని రాశిబోసెను. మొదటిదానిలో లోతు హెచ్చు. రెండవదానిలో వైశాల్యము హెచ్చు. వలసవచ్చినవారి కూటమిలో సహజముగ లభించునది వైశాల్యమే.

విమర్శలను ఓనీల్ పెడచెవిని బెట్టలేదు. 1907లో నాట్యవరుసలను మాత్రము, 1001 సంఖ్యలో, ‘ది డాన్స్ మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్’ అను పేర వేరుగ బ్రకటించెను. వాద్యగాండ్రు దీనిని ‘గ్రంథము’ అనియే పిలిచిరి. వేరే పేరు చెప్ప నవసరము లేకపోయెను. చికాగోలో నచ్చువడిన పుస్తకము ఐర్లండు పల్లెలకు జేరి, అచట మరచిపోయిన వరుసలను మరల నేర్పెను. 1906లో స్వదేశమును జూడబోయిన ఓనీల్ అచటి సంగీతస్థితికి నిరాశ జెందియుండెను. దశాబ్దముల పిమ్మట తన గ్రంథసంచయమును, 1931లో, అమెరికా యందలి నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమునకే యొసగెను. 1936లో చికాగోలోనే మరణించెను. తన గ్రంథము స్వదేశమున నెంత ప్రచారము గాంచునో ఆతడు పూర్తిగ జూచినట్లు తోచదు.

రెండవ సాధనము గ్రామఫోను రికార్డు. న్యూయార్కులో దుకాణము నడుపుచుండిన ఎలెన్ ఓబర్న్ డివిట్ అను ఐరిషు వనిత, తన యొద్దకు వచ్చువారు స్వదేశపు వాద్యమును గోరుచున్నారని గ్రహించి, 1916లో కొలంబియా కంపెనీవారి నాశ్రయించెను. అయిదువందల ప్రతులు తానే కొందునని మాట యిచ్చిన పిదపగాని వారు అంగీకరింపలేదు. ఆ ప్రతులు త్వరలోనే అమ్ముడువోయెను. తరువాత కంపెనీలే వాద్యగాండ్రను వెదకుకొనుచు వచ్చెను. పండితసభలు చేయలేని కార్యమును ఒక దుకాణము చేసెను. సంప్రదాయరక్షణమును గూర్చి యుపన్యసించువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఈ రికార్డులలో మకుటాయమానములు మైకేల్ కోల్మన్ వాయించినవి. ఆతడు 1891లో స్లైగో జిల్లాలోని కిల్లావిల్ ప్రాంతమున జన్మించి, 1914లో అమెరికా జేరెను. 1921 మొదలు 1936 వరకు సుమారు ఎనుబది ముఖముల రికార్డులకు వాయించెను. స్లైగో బాణిలో వేగమును సౌకుమార్యమును కలసియుండును. కోల్మన్ చేతిలో ఆ బాణి పరిపూర్ణత నందెను. 1934లో వెలువడిన ‘టార్బోల్టన్’ మొదలగు మూడు రీళ్ల వరుసను వినినచో, విల్లు ఎక్కడ ద్రిప్పుచున్నాడో, అలంకారము ఎక్కడ బుట్టుచున్నదో తెలియని నైపుణ్యము గోచరించును. వెనుక పియానో వాయించినవారు మాత్రము పలుచోట్ల వరుస నెరుగక తోచిన స్వరములను గొట్టినట్లుండును. కంపెనీవారు దెచ్చిన వారికి ఆ సంగీతముతో పరిచయము లేదు. ఇన్ని యాటంకముల నడుమను ఫిడేలు నిర్మలముగ వినవచ్చుట ఆతని ప్రతిభకు దార్కాణము. ఓనీల్ గ్రంథమున లేని ప్రాణము ఈ రికార్డులలో నున్నది. కోల్మన్, ఆతని జిల్లావారే యైన జేమ్స్ మారిసన్, పాడీ కిల్లోరన్ – వీరి రికార్డులు ఉత్తరములతోపాటు స్వదేశమునకు బంపబడెను. గ్రామఫోను గల యింటిలో ఊరివారందరును చేరి వినిరి.

వినుటయేగాక అనుకరించిరి. నష్టము ఇచటనే కలిగెను. డొనెగాల్‌లో నొక బాణి, క్లేర్‌లో నొక బాణి, కార్క్, కెర్రీ జిల్లాల సరిహద్దున స్లీవ్ లూక్రాలో నొక బాణి యుండెను. అమెరికానుండి వచ్చిన రికార్డు ముందు తమ తాతలు వాయించినది మోటుగ దోచి, పెక్కుమంది యువకులు దానిని విడిచి స్లైగోబాణిని బట్టిరి. రికార్డు ముఖమున పట్టునది మూడునిమిషముల సంగీతము. ఆ కొలతకు రెండు మూడు వరుసలను గూర్చి వాయించిన కూర్పులే శాస్త్రమైనట్లు, ఫలాని వరుస పిదప ఫలానిదియే రావలెనను నియమ మేర్పడెను. ఇది కోల్మన్ దోషము కాదు. ఆతడు తన పల్లెబాణిని నిష్కపటముగ వాయించెను. దూరమునుండి వచ్చినదానికి, యంత్రమునుండి వచ్చినదానికి ఎక్కువ ప్రామాణ్య మిచ్చిన శ్రోతలదే దోషము. స్లీవ్ లూక్రాలో పాడ్రిగ్ ఓకీఫ్ అను ఫిడేలు గురువు, 1963లో మరణించువరకు, ఇల్లిల్లు దిరిగి పాఠములు జెప్పుచు, తాను కల్పించుకొన్న గురుతులతో కాగితములపై వరుసలు వ్రాసి శిష్యుల కిచ్చెను. ఆ ప్రాంతపు బాణి నేటికిని నిలిచియున్నది. గురువు తిరిగినచోట రికార్డు గెలువలేదు.

పోయినదానిని గూర్చి చెప్పితిమి; పరదేశమున క్రొత్తగ బుట్టినదానిని గూర్చియు చెప్పవలెను. నేడు ‘కేలీ’ యను సామూహికనాట్యసభ ఐరిషు సంస్కృతికి ప్రతీకగ బ్రసిద్ధము. ఆ పేర నట్టి సభ తొలుత జరిగినది ఐర్లండులో గాదు. 1897 అక్టోబరు 30వ తేదీన, లండను నగరపు బ్లూమ్స్‌బరీ హాలులో. అచటి గేలిక్ సంఘమువారు స్కాట్లండువారి సమావేశములను జూచి దానిని రూపొందించిరి. 1893లో స్థాపింపబడిన ఆ గేలిక్ సంఘమువారే, పల్లెలలో జనులు తరతరములుగ నాడుచుండిన ‘సెట్’ నాట్యములను, అవి పరాసుదేశపు క్వాడ్రిల్లునుండి పుట్టినవని చెప్పి నిరాకరించిరి. పల్లెవాడు ఆడుచుండినది విదేశీయమట, లండనులో నిన్న కల్పించినది స్వదేశీయమట! సంస్కృతికి శుద్ధి చేయబూనువారు తరచుగ నిట్లే పొరపడుదురు.

సెయింట్ పాట్రిక్ పండుగ యూరేగింపు సంగతియు నట్టిదే. న్యూయార్కులో నది 1762 నాటికే కలదు. డబ్లినులో ప్రభుత్వపక్షమున నట్టి యూరేగింపు 1931లోగాని జరుగలేదు. స్వదేశమున నాడు చర్చికి బోవు దినము. 1927 నాటి చట్టముచే మద్యశాలలు సైతము మూయబడెడివి. పరదేశమున, తమ్ము నీచముగ జూచిన సమాజము నెదుట తమ సంఖ్యను, ఐకమత్యమును జూపుటకు ఊరేగింపు అవసరమయ్యెను. అక్టోబరు 31వ నాటి రాత్రి ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి దీపము బెట్టెడివారు. అమెరికాలో పెద్ద గుమ్మడికాయ సులభముగ దొరకగా దానినే తొలిచిరి. కాయ మారినను పండుగ నిలిచెను. ఇట్టి మార్పును జూచి నవ్వుట యవివేకము.

ఈ విషయమున లోకమున రెండు వాదములు కలవు. వలసపోయినవారియొద్దనే ప్రాచీనరూపము చెడక నిలుచునని కొందరు. అది స్వదేశపు వృక్షమునుండి తెగిన కొమ్మ గనుక వాడకతప్పదని కొందరు. ఓనీల్, కోల్మనుల కృషిని బరిశీలించినచో రెండును సగము సత్యములే యని తేలును. చికాగోలో వరుసలు భద్రపడెను, కాని పల్లెపేరు బోయెను. న్యూయార్కులో నొక బాణి పరిపూర్ణమయ్యెను, కాని తక్కిన బాణులను మరుగుపరచెను. స్వదేశము సైతము తన సొత్తును తాను సరిగ గాపాడుకొన్నదని చెప్పజాలము. 1935 నాటి నాట్యశాలల చట్టము లైసెన్సు లేనిచో బహిరంగనాట్యము కూడదనెను. మతగురువులును పోలీసులును దానిని జూపి ఇండ్లలోని నాట్యములనుగూడ మాన్పించిరి. వంటయింటి నేలపై నాడిన జిగ్గునకు స్వదేశముననే చోటు లేకపోయెను. వాద్యగాండ్రు 1951లో కోల్టస్ కెల్టోరీ ఏరన్ అను సంఘమును స్థాపించి, మల్లింగార్ పట్టణమున నుత్సవము జరిపి, సంగీతమును పునరుద్ధరింప బూనునాటికి, వారికి ఆధారములైనవానిలో ఓనీల్ గ్రంథమును కోల్మన్ రికార్డులును ముఖ్యములు. పోయిన బిడ్డలు పంపినదే తల్లియింట దీపమైనది. 1945లో న్యూయార్కున మరణించిన కోల్మనునకు 1974లో స్వగ్రామము చెంత గర్టీన్‌లో స్మారకము నెలకొల్పిరి.

కనుక మా తీర్పు ఇది. ఓనీల్ సంపుటములు లోపభూయిష్టములయ్యును అమూల్యములు. కోల్మన్ రికార్డులు కళాఖండములు. కాని వానిని ప్రమాణముగ బట్టినవారు పొరపడిరి. గ్రంథమైనను రికార్డైనను సంప్రదాయమునకు సాక్ష్యమేగాని సంప్రదాయము గాదు. వాయించు చేయి, ఆడు కాలు, వినుటకు కూడిన ఇల్లు – ఈ మూడును ఉన్నచోట అది బ్రతుకును. ఆ యిల్లు ఏ దేశమున నున్నది యను ప్రశ్న తరువాతిది.

మన సంగతికి వత్తము. ఐర్లండున మహాక్షామము ఘోరరూపము దాల్చిన 1847వ సంవత్సరముననే తిరువయ్యారులో త్యాగరాజస్వామివారు సిద్ధిపొందిరి. ఆయన తెలుగుకృతులను నిలిపినవారు తమిళదేశమందలి శిష్యపరంపరలవారు – వాలాజాపేటవారు, ఉమయాళ్పురమువారు, తిల్లైస్థానమువారు. ఈ మూడు పరంపరలలో ఒకే కృతికి పాఠాంతరములు వినవచ్చుట లోపము గాదు. ఓనీల్ గ్రంథమున పోయినది అదియే. తంజావూరు ప్రాంతపు మెలట్టూరులో మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారి తెలుగునాటకములు నృసింహజయంతికి ఏటేట ప్రదర్శింపబడుచున్నవి. ఆడువారిలో పెక్కుమందికి నిత్యవ్యవహారము తమిళము. అయినను ‘ప్రహ్లాదచరిత్రము’ తెలుగుననే పలుకుచున్నారు. ఐరిషువారియొద్ద మాటబోయి వరుస మిగిలెను. మెలట్టూరులో ఇంటిమాట మారినను నాటకపు మాట మిగిలెను. పండుగ, వ్రతము, ఊరివారి పూనిక – వీనిచేతనే అది సాధ్యమయ్యెను.

మరియొక సంబంధము గలదు. ఐర్లండులో రాస్‌కామన్ జిల్లా బాయిల్ పట్టణమున జన్మించిన మార్గరెట్ కజిన్స్ సంగీతపట్టభద్రురాలు. 1919లో రవీంద్రుడు మదనపల్లె కళాశాలకు విచ్చేసి ‘జనగణమన’ గీతమును పాడగా, ఆ గీతపు వరుసను స్వరలిపిలో వ్రాసినది ఆమెయే. ఐరిషువారు చికాగోలో తమ వరుసలను తాము వ్రాసికొనిరి. ఐరిషు వనిత యొకతె మన తెలుగుగడ్డపై మన దేశపు వరుసను వ్రాసి యిచ్చెను. పరులైనవారు సైతము శ్రద్ధ యున్నచో సంప్రదాయమునకు సేవ చేయగలరనుటకు ఇది నిదర్శనము.

మన యిండ్లలో పెండ్లిపాటలు, లాలిపాటలు, మంగళహారతులు ఇంకను వినవచ్చుచున్నవి. హోసూరువారి పాటకును బరంపురమువారి పాటకును, షోలాపురమువారి పలుకునకును యానామువారి పలుకునకును భేదము గలదు. ఆ భేదమును దిద్ది, పుస్తకభాషకు అనుగుణముగ మార్చి యొకటిగ జేయబూనుట గేలిక్ సంఘమువారి పొరపాటును తిరిగి చేయుట యగును. వానిని వ్రాసికొందము, ఎవరియొద్ద విన్నది, ఏ యూరిది, ఏ కులవృత్తివారిది, ఏ సందర్భమున బాడునది యను వివరములతో వ్రాసికొందము. ఓనీల్ వదలిన లోపమును మనము పూరింతము. నేటి యంత్రసాధనములతో కంఠధ్వనిని సైతము భద్రపరచుట చవుక. కాని ఆ ధ్వనిని విని బిడ్డలు పాడకున్నచో భద్రపరచినందువలన ప్రయోజన మల్పము.

కనుక సంఘములు సంచికలు ప్రకటించుటతో తృప్తి జెందరాదు. ఏడాదికొకసారి వేదికపై నాటకము ప్రదర్శించుటకంటె, నెలకొకసారి ఎవరింటనైన నలుగురు కూడి పాడుకొనుట మేలు. ఓనీల్ గ్రంథము పుట్టినది సభాభవనమున గాదు. ఇరువురు పోలీసువారు కొలువు ముగిసిన పిదప ఒక యింట గూర్చుండి, ఒకడు పాడగా నొకడు వ్రాయగా బుట్టినది. అట్టి యింటిని మన వీథులలో నిలుపుకొనుట మనచేతిలోని పని.